మాస్టారి బండి మా షెడ్డులో మూగబోయింది

పల్నాడు జిల్లా నుంచి ఒక మెకానిక్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. వయసు 47. ఇరవై రెండేళ్లుగా సొంత షెడ్డు నడుపుతున్నారు. ట్రాక్టర్ల డీజిల్ పంపులతో మొదలుపెట్టి, కామన్ రైల్ కార్లు వచ్చాక వాటి పని కూడా చూసి చూసి నేర్చుకున్నారు. మూడేళ్లుగా అక్క కొడుకు ఆయన దగ్గరే పని చేస్తున్నాడు. 23 ఏళ్లవాడు, డిప్లొమా చదివాడు. షెడ్డులో కంప్యూటర్‌తో ముడిపడిన పనంతా అతనిదే.

గత నెలలో, హైస్కూలు హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన తన 2016 మోడల్ డీజిల్ కారు తెచ్చి వదిలారు. మన పాఠకుడికి పదో తరగతి దాకా లెక్కలు చెప్పిన మాస్టారు ఆయనే. బండి సమస్య పెద్దదేమీ కాదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు లాగడం లేదు, వెనక నల్లపొగ వస్తోంది. పాఠకుడు ఆ రోజు బంధువుల పెళ్లికి వెళ్లారు. మేనల్లుడు స్కానర్ పెట్టి చూస్తే, కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌లో తప్పు చూపించింది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎంలోనే ఈజీఆర్‌ను ఆపేసి, పనిలో పనిగా కాస్త పికప్ కూడా పెంచి ఇస్తే మాస్టారు సంతోషిస్తారని అనుకున్నాడు. మాస్టారిని అడగలేదు, మామయ్యకు ఫోను చేయలేదు.

అతని దగ్గర ఆన్‌లైన్‌లో 14 వేలకు కొన్న ఒక నకిలీ ఫ్లాషింగ్ పరికరం, అంటే ఈసీఎంలోని ప్రోగ్రామ్‌ను చదివి, చెరిపి, కొత్తది రాసేది ఉంది. అంతకుముందు నాలుగు బండ్లకు పని చేసింది. ఈ ఈసీఎంకు మాత్రం తాళం ఉంది, చదవనివ్వలేదు. అయితే ఇదే మోడల్ ఫైలు తన దగ్గర ఉందని, రాయమంటే రాస్తానని ఆ పరికరం చూపించింది. కుర్రాడు సరేనని నొక్కాడు. రాత మొదలైన దగ్గర నుంచి బండి ముందున్న రేడియేటర్ ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది. 63 శాతం దగ్గర డాష్‌బోర్డు దీపాలు మసకబారాయి. పరికరం ఆగిపోయింది. అప్పటి నుంచి బండి స్టార్ట్ కావడం లేదు, ఈసీఎం స్కానర్‌కు జవాబివ్వడం లేదు.

ఆయన ముగ్గురిని అడిగారు. కంపెనీ సర్వీసు కేంద్రం కొత్త ఈసీఎం, కోడింగ్ కలిపి 70 వేల పైన అవుతుందంది. హైదరాబాద్‌లో ఒకరు 18 వేలకు వేరే బండిలో వాడిన పాత ఈసీఎం ఇస్తానని, దాన్ని క్లోన్ చేసి, అంటే ఈ బండి ఈసీఎంకు నకలుగా మార్చి పెట్టేస్తే ఎవరికీ తెలియదని చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకతను ఈసీఎం పెట్టె విప్పి బూట్ మోడ్‌లో లేపుతానని ఆరు వేలు అడిగాడు. మాస్టారికి మాత్రం "పార్టు రావాలండీ" అని చెప్పి పన్నెండు రోజులయింది. ఆయన రోజూ సాయంత్రం నడకకు వచ్చి, షెడ్డు ముందు ఆగి, "తొందర లేదులేరా, నింపాదిగా చెయ్యి" అని వెళ్తున్నారట. "ఆ మాట నన్ను లోపల తొలిచేస్తోంది" అని రాశారు. కుర్రాడిని ఊరికి పంపేయమని ఇంట్లో భార్య అంటున్నారు. కుర్రాడేమో అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నాడు. ఈసీఎం బతుకుతుందా, మాస్టారికి చెప్పాలా, మేనల్లుడిని ఏం చేయాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం

ముందుగా ఒక మాట. మీ మేనల్లుడు ఇంకోసారి చూద్దామని ఆ పరికరాన్ని మళ్లీ మళ్లీ తగిలిస్తూ ఉండి ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ఆ తీగ పీకించి రండి. మిగతాది తర్వాత చదవవచ్చు. ఆ పెట్టెలో ఇంకా మిగిలి ఉన్నది చాలా విలువైనది. ఇప్పటి వరకు జరిగిన నష్టం కంటే, భయంతో చేసే రెండో ప్రయత్నం, మూడో ప్రయత్నం వల్ల జరిగే నష్టమే ఎక్కువగా ఉంటుంది.

మీరు రాసిన వివరాలను బట్టి ఈసీఎం చచ్చిపోయిందని నేను అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను. మీరు పంపిన ఫొటోలో లేబుల్ మీద తయారీ కంపెనీ బాష్ పేరు, ఈడీసీ17 అన్న రకం, 0281తో మొదలయ్యే పది అంకెల సంఖ్య స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ రకం పెట్టెల్లో ఉండేది ఇన్ఫినియన్ వారి ట్రైకోర్ ప్రాసెసర్. దాని ఫ్లాష్ మెమరీ, అంటే కరెంటు తీసేసినా రాసింది నిలిచి ఉండే చోటు, అంతా ఒకే ముద్దగా ఉండదు. మొదట బూట్ భాగం ఉంటుంది. కరెంటు రాగానే లేచి, తర్వాత ఏం చేయాలో చూసేది అదే. దాని తర్వాత ఇంజన్‌ను నడిపే ప్రోగ్రామ్. ఆ తర్వాత క్యాలిబ్రేషన్, అంటే ఎంత తొక్కితే ఎంత డీజిల్, ఏ వేగంలో టర్బో ఎంత, ఈజీఆర్ ఎప్పుడు ఎంత తెరవాలి అనే పట్టికలు. వీటన్నిటికీ విడిగా ఇంకొక చిన్న చోటు ఉంటుంది. బండి నంబరు, తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ సమాచారం, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కోడ్‌లు, ఇన్నేళ్లలో ఈసీఎం నేర్చుకున్న సవరణలు అందులో ఉంటాయి.

స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ద్వారా రాసేటప్పుడు మామూలుగా చెరిపి రాసేది ప్రోగ్రామ్‌ను, పట్టికలను. బూట్ భాగం జోలికి, ఆ చిన్న చోటు జోలికి సాధారణంగా వెళ్లదు. 63 శాతం దగ్గర ఆగిందంటే ప్రోగ్రామ్ సగం రాతలో ఉంది. బూట్ భాగం లేచి చూస్తుంది, ప్రోగ్రామ్ లెక్క సరిపోదు, ఇంజన్‌ను నడపకుండా అక్కడే ఆగిపోతుంది. మీ స్కానర్ పలకరించేది ప్రోగ్రామ్‌ను. అది లేదు కాబట్టి జవాబు లేదు. స్కానర్‌కు పలకని ఈసీఎం, సరైన పరికరానికి బూట్ భాగం నుంచి పలికిన సందర్భాలు నేను చాలా చూశాను. మీ విషయంలోనూ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను, కానీ ఆశ వదులుకునే దశ ఇది కాదు.

ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. మీ కుర్రాడు అది తన తప్పు కాదేమో అనుకుంటూ ఉండవచ్చు. రాత మొదలవగానే ఈసీఎం మిగతా పనులన్నీ మానేస్తుంది. దాని నుంచి కబురు ఆగిపోగానే చాలా బండ్లలో ఫ్యాను కంట్రోలర్ ఇంజన్ కాలిపోతుందేమోనని జాగ్రత్తపడి పూర్తి వేగంతో తిప్పుతుంది. ఆ ఫ్యాను ఇరవై, ముప్పై ఆంపియర్లు లాగుతుంది. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది లేదు. పాత బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుంది? అందుకే తెలిసినవాళ్లు 13 వోల్టుల పైన స్థిరంగా నిలిపే సప్లయి తగిలించకుండా రాత మొదలుపెట్టరు. మన షెడ్లలో ఉండే మామూలు బ్యాటరీ ఛార్జర్ ఆ పనికి రాదు, దాని వోల్టేజి నిలకడగా ఉండదు.

ఇప్పుడు ఆ తాళం గురించి. మీ ఉత్తరంలో దీని మీద చాలా అయోమయం కనిపించింది. "చదవనివ్వనిది రాయనెలా ఇచ్చింది?" అని అడిగారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఓబీడీ సాకెట్ దగ్గర పరికరం లోపలికి రావాలంటే ఈసీఎం ముందు ఒక అంకె ఇస్తుంది. పరికరం ఆ అంకెను రహస్యమైన లెక్కలో వేసి, వచ్చిన జవాబు తిరిగి చెప్పాలి. సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. కొన్నిసార్లు తప్పు చెబితే కాసేపు అసలు పలకదు. అయితే ఆ తలుపు సర్వీసు కేంద్రాల కోసం పెట్టింది. సర్వీసు కేంద్రానికి కావలసింది కొత్త ప్రోగ్రామ్ లోపలికి ఎక్కించడమే. లోపల ఉన్నది బయటికి తీసుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. కాబట్టి రాయడానికి దారి ఉంచి, చదవడానికి దారి మూసేస్తారు. మీ కుర్రాడి దగ్గర ఉన్న పరికరానికి ఆ రహస్య లెక్క ఎలాగో దొరికింది. దానితో రాయగలదు, చదవలేదు. ఆ లోటు కనిపించకుండా వేరే బండి ఫైలును చూపించి, అదే మీ బండిదన్నట్టు ముందు పెట్టింది.

ఒకే మోడల్ అయినంత మాత్రాన ఒకే ఫైలు కాదు. 0281తో మొదలయ్యే సంఖ్య పెట్టెది. లోపలి సాఫ్ట్‌వేర్‌కు 1037తో మొదలయ్యే వేరే సంఖ్య ఉంటుంది. ఒకే ఏడాది, ఒకే రంగు, పక్కపక్క నంబర్ల బండ్లలో కూడా అది మారి ఉండవచ్చు. ఒక ఉపశమనం ఏమిటంటే, ఆ 1037 సంఖ్య సరిగ్గా తెలిస్తే, ఆ సంఖ్య గల కంపెనీ ఫైలు అలాంటి బండ్లన్నిటికీ ఒక్కటే. చెరిగిపోయిన భాగాన్ని తిరిగి రాయడానికి మాస్టారి బండిలో ఉన్న ప్రతే కావాలన్న నియమం లేదు. మాస్టారి బండికి మాత్రమే చెందినది ఆ చిన్న చోట ఉన్న సమాచారం. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు, ఈ బండి ప్రాణం అందులో ఉంది. ఇప్పుడు మీరు చేసే ప్రతి పనినీ ఆ చిలకకు దెబ్బ తగలకుండా చేయాలి.

ఈ దృష్టితో మీకు వచ్చిన మూడు సలహాలనూ చూడండి.

హైదరాబాద్ ఆయన చెప్పిన క్లోన్ చేయాలంటే మాస్టారి బండి ఈసీఎంలోని ఆ సమాచారాన్ని చదివి ఆయన ఇచ్చే పెట్టెలోకి ఎక్కించాలి. అంటే మీ పెట్టెను ఎలాగూ చదవాల్సిందే. చదవకుండా పాత ఈసీఎం తెచ్చి పెడితే తాళంచెవిని గుర్తుపట్టదు, బండి నంబరు వేరేది చూపిస్తుంది, ఇంజెక్టర్ల కోడ్‌లు వేరే బండివి ఉంటాయి. స్టార్ట్ అయినా ఐడిల్‌లో వణుకు, పొగ వస్తాయి. మాస్టారి మొదటి ఫిర్యాదే పొగ! ఇంకో సంగతి, బిల్లు లేని ఈసీఎం ఏ బండిలోంచి వచ్చిందో మీకు తెలియదు. దొంగ బండిదైతే ఆ చిక్కు మాస్టారి ఇంటి గుమ్మం దాకా వస్తుంది. పాత ఈసీఎం వాడటమే తప్పు అనను. బిల్లుతో కొని, 0281 సంఖ్య సరిపోల్చుకుని, యజమానికి చెప్పి పెడితే అది న్యాయమైన మరమ్మతే. "ఎవరికీ తెలియదు" అన్న ముక్క ఒక్కటే దాన్ని పాడు చేసింది.

సర్వీసు కేంద్రం దగ్గరికి వెళ్లినప్పుడు మీరు అడిగిన ప్రశ్న "ఈసీఎం పోయింది, ఎంత?" అని. దానికి వాళ్లు చెప్పే జవాబు కొత్త పెట్టె ధరే. "రాత మధ్యలో ఆగింది, ఉన్న పెట్టెలోకే కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి చూస్తారా?" అని అడగండి. బూట్ భాగం బతికి ఉంటే వాళ్ల పరికరం ఆ పని చేయగలిగే అవకాశం ఉంది. బయటి పరికరం తగిలిందని తెలిశాక వాళ్లు చేతులెత్తేసే వీలూ ఉంది. అడిగితే పోయేది కాస్త పరువు. ఒప్పుకుంటే పెట్టె విప్పే పనే ఉండదు. 70 వేల దారి మాత్రం చివరిదిగా ఉంచుకోండి. అది శుభ్రమైన దారి, కానీ ఆ డబ్బు మీరు పెట్టాలి తప్ప మాస్టారు కాదు.

ఇక ఆటోనగర్ అతని మాట. అతను చెప్పింది గాలి మాట కాదు. ట్రైకోర్‌ను బూట్ మోడ్‌లో లేపడం అంటే, పెట్టె విప్పి, బోర్డు మీద ఒక బిందువును ఎర్త్‌కు కలిపి కరెంటు ఇవ్వడం. అప్పుడు ప్రాసెసర్ ఫ్లాష్‌లోని ప్రోగ్రామ్‌ను పక్కనపెట్టి, చిప్‌లోనే పుట్టుకతో ఉన్న చిన్న లోడర్‌తో మేలుకుంటుంది. ఓబీడీ దగ్గరి తాళం దానికి తెలియదు. అయితే లోపల ఇంకొక తాళం ఉంది. ఫ్లాష్‌ను చదవాలంటే పాస్‌వర్డ్‌గా రెండు 32 బిట్ల సంఖ్యలు ఇవ్వాలి. అసలైన పరికరాలు ఆ పాస్‌వర్డ్ సంపాదించే దారులతో వస్తాయి. అందుకే వాటి ధర లక్షల్లో ఉంటుంది. కొన్ని పెట్టెలను విప్పకుండా, బండి నుంచి ఊడదీసి, కనెక్టర్ పిన్నుల ద్వారానే బల్ల మీద చదవవచ్చు. మీది అలా వీలవుతుందేమో అతన్ని మొదట అడగండి. వీలైతే అదే మేలు.

విప్పక తప్పదంటే ఆ చేతి పని ఎలాంటిదో మీకు తెలియాలి. ఈ పెట్టె మూత స్క్రూలతో మాత్రమే కాదు, నల్లటి జిగురుతో అతికి ఉంటుంది. వేడి చేసి, పలచటి పట్టీతో కొద్దికొద్దిగా చుట్టూ లేపుతూ పోవాలి. పట్టీ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోతే అంచు పక్కనే ఉన్న చిన్న భాగం ఎగిరిపోతుంది. అది కింద పడిన చప్పుడు కూడా వినిపించదు. తిరిగి మూసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే, ముక్కుకు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ పూసేస్తారు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగి తీగలను, టంకాన్ని తినేస్తుంది. బండి ఆరు నెలలు బాగానే నడిచి, వానాకాలంలో దారి మధ్యలో ఆగుతుంది. ఎలక్ట్రానిక్స్‌కు పనికొచ్చే, ఆ వాసన లేని సీలెంటే వాడాలి. మూత మీద గాలి ఆడే చిన్న పొర ఉంటే దాన్ని పూడ్చకూడదు.

కాబట్టి ఆరు వేలు ఇచ్చే ముందు అతన్ని అడగవలసింది ధర గురించి కాదు. ఏదైనా రాసే ముందు మొత్తం చదివి, ఆ ప్రతిని మీ చేతికి ఇస్తాడా? 1037 సంఖ్య సరిపోల్చిన కంపెనీ ఫైలునే రాస్తాడా? మూత దేనితో మూస్తాడు? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే ఇవ్వండి. "అవన్నీ ఎందుకన్నా, బండి స్టార్ట్ అయితే చాలు కదా" అంటే పెట్టెను తిరిగి తెచ్చుకోండి. అతనికి కూడా జరిగినదంతా దాచకుండా చెప్పాలి. ఏ పరికరం, ఏ ఫైలు, ఎన్ని శాతం దగ్గర ఆగింది, తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించారు, అన్నీ.

ఇలా ఎందుకు అంటున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఇంజన్లు పరీక్షించే చోట పని చేస్తున్నప్పుడు నేను ఒక టెస్టు బండి ఈసీఎంలో ఇంజెక్టర్ కోడ్‌లు ఉన్న చోటును తప్పుగా చెరిపేశాను. రెండు రోజులు నోరు విప్పలేదు. ఇంజన్ ఎందుకు వణుకుతోందో తెలియక ఒక సీనియర్ మెకానిక్ ఆ రెండు రోజులూ పంపు దింపి, ఇంజెక్టర్లు ఊడదీసి, లేని జబ్బు కోసం వెతికారు. నేను చెప్పాక ఆయన తప్పు చేసినందుకు ఒక్క మాట అనలేదు. నల్లబడిన తన చేతులు చూపించి, "ఈ రెండు రోజులు నాకు తిరిగి ఇవ్వు" అన్నారు. ఇవాళ్టికీ ఆ చేతులు నా కళ్ల ముందు ఉన్నాయి.

మాస్టారి విషయానికి వద్దాం. చెప్పకుండా బాగు చేసి ఇచ్చేస్తే ఏమవుతుంది? బండి నడవవచ్చు. కానీ చాలా ఈసీఎంలు తమలోకి ఎన్నిసార్లు రాశారో లెక్క పెట్టుకుంటాయి. మూత జిగురు మారిన ఆనవాలు ఉంటుంది. రేపు ఏ సర్వీసు కేంద్రంలోనైనా "ఎవరో విప్పారండీ" అని ఆయన ముఖం మీదే అంటారు. అప్పుడు ఆయనకు గుర్తొచ్చేది పాడైన ఈసీఎం కాదు, "పార్టు రావాలి" అన్న మాట. చెబితే ఏమవుతుంది? ఆయన బాధపడవచ్చు, బండిని తోయించుకుని వేరే చోటికి తీసుకెళ్లవచ్చు, ఖర్చు అడగవచ్చు. అవన్నీ ఆయన హక్కులు. ఆయన పెద్ద మనసుతో క్షమిస్తారన్న లెక్క వేసుకుని వెళ్లకండి. క్షమించకపోయినా చెప్పగలనని అనుకున్న రోజు వెళ్లండి. ఆ రోజు మరీ దూరంగా ఉండకూడదు, ఆయన రోజూ మీ గుమ్మం ముందే ఆగుతున్నారు. నా మనసు ఎటు మొగ్గుతోందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

చెప్పేటప్పుడు "మా వాడు చేశాడు" అని మొదలుపెట్టవద్దు. షెడ్డు మీది. "మా షెడ్డులో మీ అనుమతి లేకుండా మీ బండి కంప్యూటర్‌లో రాత పని చేశాం, మధ్యలో చెడింది, పార్టు రావాలన్నది నేను భయపడి చెప్పిన మాట" అనండి. కుర్రాడు పక్కన ఉండాలి. అతను మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి. ఆ తర్వాత మూడు దారులూ, ఒక్కో దానిలో ఉన్న ప్రమాదమూ చెప్పి, పెట్టె విప్పాలా వద్దా అన్న నిర్ణయం ఆయనకు వదలండి. అది ఆయన బండి. ఆయన ఒప్పుకోకుండా ఆటోనగర్‌కు పంపితే మొదటి తప్పునే రెండోసారి చేసినట్టు అవుతుంది.

ఇంకొకటి, మీరు ఉత్తరంలో అడగనిది. పని సజావుగా పూర్తయి ఉంటే ఏం జరిగేది? ఈజీఆర్ అనేది కాలిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపి, మంట వేడి తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుట్టేలా చేసే ఏర్పాటు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆపేసిన బండిని నడపడం చట్టం ఒప్పుకునే పని కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వాయు కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే 190(2) కింద పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. అంటే చేసింది మీ కుర్రాడు, బోనులో నిలబడేది ఏమీ తెలియని మాస్టారు. రాత మధ్యలో ఆగిపోవడం వల్ల మీకు ఇది ముందే తెలిసింది.

ఈ లెక్కన ఆ నాలుగు బండ్ల సంగతేమిటి? మీరు ఉత్తరంలో "నాలుగు బండ్లకు బాగానే పని చేసింది" అని ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాస్టారి బండి కంటే ఆ నాలుగింటి మీదే ఎక్కువ బెంగగా ఉంది. వాటిలో ఏం మార్చాడు? మార్చే ముందు చదివి దాచాడా, లేక వాటికి కూడా పరికరం ఇచ్చిన ఫైలే రాశాడా? పికప్ పెంచడం అంటే డీజిల్, టర్బో ఒత్తిడి పెంచడం. క్లచ్చి, టర్బో, పిస్టన్లు ఆ భారం మోయాలి. అసలు ఫైళ్లు దాచి ఉంటే ఆ యజమానులను పిలిచి, ఉచితంగా వెనక్కి మార్చి ఇస్తానని చెప్పవచ్చు, మంచి పరికరం ఉన్నవారి దగ్గర. ఒకరిద్దరు "బండి బాగా లాగుతోంది, వద్దులే" అంటారు. అప్పుడు చట్టం ఏమంటుందో చెప్పి, చెప్పినట్టు కాగితం మీద రాయించుకోండి. ఊరుకుంటే ఎప్పుడో ఒక టర్బో పగిలిన రోజు అది మీ షెడ్డు ముందుకే వస్తుంది. రెండు దారుల్లో ఏది మోయగలరో మీరే చూసుకోండి.

మీ మేనల్లుడి గురించి చివర్లో అడిగారు. మీ మనసులో మాత్రం అతనే ముందున్నాడని ఉత్తరం చదివితే తెలుస్తుంది. ఈసీఎం లోపల ఏముందో తెలుసుకోవాలన్న అతని తపన మీద నాకు కోపం రావడం లేదు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ మోసాన్ని బయటపెట్టింది. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను అదుపులో ఉంచే ప్రోగ్రామ్‌ను ప్రపంచమంతటా కోటి పది లక్షల బండ్లలో పెట్టారు. మన దేశంలోనూ మూడు లక్షల ఇరవై మూడు వేలకు పైగా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హాంబర్గ్‌లో ఫెలిక్స్ డోమ్కే అనే జర్మన్, తన కారులో ఉన్న రకం ఈడీసీ17 పెట్టెనే కొనుక్కొచ్చి, లోపలి ప్రోగ్రామ్‌ను చదివి, ఆ మోసం ఏ షరతుల మీద నడుస్తుందో అందరి ముందూ విప్పి చూపించాడు. తాళం తీసి చదవడం అక్కడ ఊరికి మేలు చేసింది. ఆయనకూ మీవాడికీ తేడా తెలివిలో లేదు. ఆయన తనవి తాను విప్పుకున్నాడు, నెలల తరబడి చదివాడు. మీవాడు ఇంకొకరిది, చదవకుండానే రాశాడు.

ఊరికి పంపేస్తే ఏమవుతుంది? మీ ఇంట్లో కొన్నాళ్లు శాంతిగా ఉంటుంది. అక్కకు మాత్రం మీరు కారణం చెప్పాలి, చెప్పకపోతే ఆమె తనకు తోచింది ఊహించుకుంటుంది. కుర్రాడు ఆ పరికరం సంచిలో వేసుకుని వెళ్లి ఇంకో షెడ్డులో చేరతాడు. తప్పు చేస్తే వెళ్లగొడతారు కాబట్టి దాచుకోవాలన్న పాఠం నేర్చుకుని వెళతాడు. ఉంచుకుంటే అతని మీద మీరు సమయం పెట్టాలి, కొన్నాళ్లు ప్రతి పనినీ అడిగి తెలుసుకోవాలి. మీ భార్య కోపంలోనూ న్యాయం ఉంది. ఆ ఖర్చు ఇంటి డబ్బులోంచి పోతోంది, ఆమెతో కూర్చుని లెక్క చెప్పండి. జీతంలో మొత్తం కోసేయమని నేను అనను. నెలకు కొంత అని ముగ్గురూ కలిసి ఒక మాట అనుకుంటే అతనికీ కాస్త తల ఎత్తుకునే వీలుంటుంది. ఏమీ వద్దని మీరు పూర్తిగా మోసేస్తే ఆ బరువు అతను ఇంకోలా మోస్తాడు. ఇప్పుడు అన్నం మానేసి మోస్తున్నట్టే.

ఉంచుకునేటట్టయితే ఆ నకిలీ పరికరాన్ని షెడ్డులో ఉండనివ్వకండి. ఆటోనగర్‌లో పాత ఇనుము దుకాణాల్లో పాడైన బండ్ల ఈసీఎంలు తక్కువ ధరకు దొరుకుతాయి. రెండు మూడు తెచ్చి ఇవ్వండి. విప్పడం, టంకం వేయడం, చదవడం వాటి మీద నేర్చుకోనివ్వండి. మాస్టారు ఒప్పుకుంటే పెట్టెను విజయవాడకు అతనే తీసుకెళ్లాలి, పని జరిగినంతసేపూ పక్కన నిలబడి చూడాలి.

మాస్టారి అసలు ఫిర్యాదు అలాగే ఉందన్నది మరవకండి. ఈసీఎం లేచినా ఆ బండి ఘాట్ ఎక్కదు. ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకుని ఇరుక్కుపోతే లాగకపోవడం, నల్లపొగ రెండూ వస్తాయి. ఇంటర్‌కూలర్ గొట్టం చీలినా, గాలి కొలిచే సెన్సారు మురికి పట్టినా అంతే. స్కానర్ చూపించిన ఆ ఒక్క తప్పును సాఫ్ట్‌వేర్‌లో కప్పేసే ముందు వాల్వు విప్పి చూసి ఉంటే, డబ్బా క్లీనరు, బ్రష్షు, ఒక పూట పనితో ఈ కథ ముగిసిపోయి ఉండేదేమో. ఇప్పుడు బండి ఎలాగూ నిలబడి ఉంది కాబట్టి, ఆ వాల్వు మీరే విప్పండి. ఇరవై రెండేళ్లుగా మీ చేతులకు తెలిసిన పని అది.

ఈలోగా మేనల్లుడికి ఒక పని చెప్పండి. ఇంజన్ మీది ప్లాస్టిక్ మూత తీసి, ఇంజెక్టర్ల తలల మీద మసి తుడిస్తే, ఒక్కోదాని మీద చిన్న అక్షరాల్లో దాని కోడ్ చెక్కి ఉంటుంది. టార్చి పట్టుకుని, ఏ సిలిండర్‌కు ఏ కోడో నోటు పుస్తకంలో రాయమనండి. అతను రాసింది మీరు ఒకసారి పైకి చదివి సరిచూడండి. సున్నాకూ 'ఓ'కూ తేడా అక్కడ సరిగా కనిపించదు.